టాటూ వేయించుకోవాలనుకునే వారికి: నిర్ణయం మొదలు గాయం మానే దాకా

తెలుగు పల్లెల్లో ఎరుకల స్త్రీలు, ఆదిలాబాద్ గోండు గూడేలలో తోటి అనే తెగ స్త్రీలు తరతరాలుగా పచ్చబొట్లు పొడిచారు. వాటిలో చాలా వరకు ఇంటి పెద్దలు ఆడపిల్లను కూర్చోబెట్టి పొడిపించినవే. ఏ బొమ్మ కావాలో, అసలు కావాలో వద్దో ఆ పిల్లను అడిగినవారు అరుదు. కంపెనీ పాలనలోనైతే బెంగాల్, మద్రాసు ప్రాంతాలలో శిక్ష పడిన కొందరు ఖైదీల నుదుటి మీద వారి నేరాన్నే పచ్చబొట్టుగా పొడిచేవారు. 1849లో ఆ పద్ధతి రద్దయింది. ఈనాడు టాటూ వేయించుకునేవారు తమ ఒంటి మీద ఏముండాలో తామే తేల్చుకునే అవకాశం ఉన్నవారు. కాబట్టి ఆ అవకాశాన్ని సూది దిగిన తర్వాత కాక, దానికి ముందే పూర్తిగా వాడుకోవాలి.

మొదట కోరిక ఎవరిదో తేల్చుకోండి. స్నేహితులందరూ వేయించుకుంటున్నారనో, ప్రేమకు రుజువు కావాలని ఎదుటివారు అడిగారనో కుర్చీలో కూర్చుంటే, అది పెద్దలు పొడిపించిన పచ్చబొట్టుకు ఏమంత భిన్నం కాదు. ప్రేమికుల పేర్లు వద్దని నేను గట్టిగానే చెబుతాను. అలాగని ప్రతి బొమ్మకూ లోతైన అర్థం ఉండి తీరాలని కూడా లేదు. పిచ్చుక బొమ్మ నచ్చింది కాబట్టి వేయించుకున్నానని చెప్పడం చాలిన కారణమే. ఎంచుకున్న బొమ్మను అనుకున్న చోట పెన్నుతో గీయించుకుని కొన్ని రోజులు చూసుకోండి, ఆ బొమ్మ ఉన్న కాగితాన్ని అద్దం పక్కన రెండు మూడు నెలలు అంటించి ఉంచండి, అప్పటికీ విసుగు పుట్టకపోతే ముందుకు వెళ్లండి. 18 ఏళ్లు నిండనివారు ఆగడమే మంచిది. సైన్యంలోనో కేంద్ర సాయుధ పోలీసు బలగాలలోనో చేరాలనుకునేవారు ముంజేయి లోపలి వైపు, అరచేతి వెనుక వైపు మినహా మిగతా చోట్ల వేయించుకుంటే వైద్య పరీక్షలో తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది. ఏ చేయి, ఎంత పరిమాణం అన్న నిబంధనలు బలగాన్ని బట్టి మారతాయి కనుక తాజా ప్రకటన చదివాకే నిర్ణయించుకోండి.

తెలుగు అక్షరాలు కోరుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ద, ధ, థ అక్షరాల మధ్య తేడా అంతా పొట్టలోని చుక్కలోను, కిందనున్న చిన్న గీతలోను ఉంటుంది. చర్మంలోని రంగు ఏళ్లు గడిచే కొద్దీ కొంత పరుచుకుంటుంది కాబట్టి, మరీ చిన్నగా రాయించిన అక్షరాల పొట్టలు పూడిపోయి, పేరు కాస్తా మసక గీతగా మిగులుతుంది. అక్షరం కనీసం సెంటీమీటరు ఎత్తున ఉండేలా చూసుకోండి. ఇంకో చిక్కు కంప్యూటరుతో వస్తుంది. తెలుగును సరిగా చూపలేని సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఒత్తులు విడిపోతాయి. ‘స్వేచ్ఛ’ అని రాసి ఇస్తే ‘స్‌వేచ్‌ఛ’ అని తెర మీద తేలుతుంది, తెలుగు రాని కళాకారుడు దాన్నే నమ్మకంగా దించేస్తాడు. పైగా ఆ మాటను ‘స్వేచ్చ’ అని రాసేవారు మనలోనే బోలెడు మంది. అందువల్ల మాటను నిఘంటువులో సరిచూసుకుని, చేతితో రాయించి గానీ బొమ్మగా మార్చి గానీ ఇవ్వండి. స్టెన్సిల్‌ను, అంటే బొమ్మ గీతల అచ్చును, చర్మం మీద అతికించాక, సూది పెట్టకముందు, తెలుగు బాగా వచ్చినవారి చేత ఒక్కో అక్షరాన్నీ చదివించండి.

స్టూడియోను ధరను బట్టి ఎంచుకోకండి. చాలా చోట్ల చదరపు అంగుళానికి ఇంత అని లెక్కకడతారు, కానీ చూడవలసింది సూది ప్యాకెట్టును. ప్రతి మనిషికీ కొత్త సూదిని మీ కళ్ల ముందే విప్పాలి, గడువు తేదీ చూపమంటే విసుక్కోకుండా చూపాలి, రంగును సీసాలోంచి చిన్న కప్పులో పోసుకుని, పని అయ్యాక కప్పులో మిగిలినది పారేయాలి, చేతికి కొత్త తొడుగులు ఉండాలి. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి అపరిశుభ్రమైన సూది ద్వారా సోకగలవు. జాతరలో ఒకే సూదితో, ఒకే గిన్నెలోని రంగుతో వరుసగా పొడిచే చోట కూర్చోవద్దు. హెపటైటిస్ బి టీకా వేయించుకోనివారు ముందే వేయించుకోవడం మేలు. పాత గాయాలు ఉబ్బెత్తు మచ్చలుగా మారే తత్వం ఉన్నవారు, మధుమేహం అదుపులో లేనివారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు డాక్టరును అడగాలి. గర్భిణులు వాయిదా వేసుకోవాలి. అలర్జీ ఎక్కువగా ఎరుపు రంగుతో వస్తుంది.

కుర్చీలో కూర్చున్నంత మాత్రాన శరీరాన్ని అప్పగించినట్టు కాదు. తోడు మనిషిని ఉంచుకోవచ్చు, తెర వేయమనవచ్చు, స్టెన్సిల్ నచ్చకపోతే తుడిపించి మళ్లీ పెట్టించుకోవచ్చు, నొప్పి భరించలేకపోతే ఆపమనవచ్చు. ఇచ్చిన అడ్వాన్సు పోతుందేమోనని మొహమాటపడి, నచ్చని బొమ్మను జీవితాంతం మోయడం తెలివైన లెక్క కాదు. మీ ఒంటి ఫోటోను వారి ప్రచారానికి వాడుకోవచ్చో లేదో కూడా ముందే స్పష్టంగా చెప్పండి. భోజనం చేసి వెళ్లండి, ముందు రోజు నుంచే మద్యం మానండి.

సూది రంగును పైచర్మం దాటించి, దాని కింది పొరలో నిలుపుతుంది. కాబట్టి ఇంటికి వచ్చేటప్పుడు మీ చేతి మీద ఉన్నది బొమ్మ మాత్రమే కాదు, గాయం కూడా. కళాకారుడు చెప్పిన సమయానికి కట్టు తీసి, చేతులు కడుక్కుని, ఘాటు లేని సబ్బుతో మెల్లగా కడిగి, శుభ్రమైన కాగితపు రుమాలుతో అద్దండి. సూచించిన లేపనాన్ని పలుచగా రాయండి. పసుపు, కొబ్బరినూనె అంటూ ఇంట్లో ఎవరు ఎంత ప్రేమగా తెచ్చినా పచ్చిగాయం మీద పూయనివ్వవద్దు. కొన్ని రోజులకు పొట్టు లేస్తుంది, దురద పుడుతుంది; గోకినా, పొట్టు పీకినా అక్కడక్కడ రంగు ఊడి వస్తుంది. పైచర్మం మానే రెండు మూడు వారాలు చెరువు, ఈతకొలను, నేరుగా ఎండ వద్దు. ఎరుపు రోజురోజుకీ విస్తరిస్తున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఫోన్ చేయవలసింది స్టూడియోకు కాదు, చర్మవైద్యులకు.

తేదీని రాసి పెట్టుకోండి, ఎందుకంటే మన దేశపు మార్గదర్శకాల ప్రకారం టాటూ వేయించుకున్న 12 నెలల వరకు రక్తదానం చేయకూడదు. మనసు మారితే టాటూను చెరిపే లేజరు చికిత్స ఉంది గానీ, వారాల ఎడం ఇస్తూ అనేక విడతలు పడుతుంది, టాటూకు అయినదానికంటే ఖర్చు ఎక్కువవుతుంది, పూర్తిగా పోతుందన్న హామీ ఉండదు. నలుపు కొంత సులువుగా తగ్గుతుంది, పసుపు, ఆకుపచ్చ మొండికేస్తాయి. మన ఛాయ చర్మానికి తప్పుడు లేజరు వాడితే తెల్ల మచ్చలో నల్ల మచ్చలో మిగులుతాయి కనుక, ఆ పనిని బ్యూటీ పార్లరులో కాక చర్మవైద్యుల దగ్గరే చేయించుకోవాలి.