బిడ్డకు నీళ్ల విరేచనాలైతే ఓఆర్ఎస్ ఎలా పట్టాలి

ఆశా కార్యకర్తగా ఏ ఇంట్లో ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చినా ముందు నేను అడిగేది, "లీటరు పట్టే గిన్నె ఏదమ్మా?" అని. చాలామంది సగం ప్యాకెట్ గ్లాసుడు నీళ్లలో వేసేస్తారు. అలా చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకే ప్రమాదం. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి, లీటరు నీళ్లలో కలపాలి. కొలతకు లీటరు వాటర్ బాటిల్ చాలు. కాచి చల్లార్చిన నీళ్లయితే మంచిది. పంచదార, జ్యూస్ ఏమీ కలపొద్దు. 24 గంటలు దాటితే పారబోయండి.

ఓపిక కావాల్సింది పట్టేటప్పుడే. రెండేళ్లలోపు బిడ్డకు నిమిషానికో, రెండు నిమిషాలకో ఒక చెంచా. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. లోపలికి వెళ్లాలి. వాంతి చేసుకుంటే టెన్షన్ పడి మానేయకండి, పది నిమిషాలు ఆగి ఇంకా నెమ్మదిగా పట్టండి. తల్లిపాలు ఆపనే ఆపొద్దు. ఈ మాట అత్తమ్మలకు ఎన్నిసార్లు చెప్పానో!

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ సీసాలు నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలా ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించే వేలమందిని బతికించారు.

జింకు మాత్ర ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మి.గ్రా., అంతకంటే చిన్నవాళ్లకు 10. విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి.

కళ్లు లోతుకు పోయినా, మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో ఆగకండి. 108కి ఫోన్ చేయండి, బిడ్డ తాగగలిగితే దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండండి.