పాత టైగర్ మోత్‌ను కొని, మళ్లీ ఎగిరేలా ఎలా చేయాలి?

పాత సైనిక విమానం కొందామనుకునేవాళ్ల చూపు ముందుగా జెట్ల మీద పడుతుంది. బెంగళూరు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని హెచ్‌ఏఎల్ మ్యూజియం చూసి వచ్చినవాళ్లకు ఆ కోరిక ఇంకా ముదురుతుంది. వద్దు. చాలా జెట్ ట్రైనర్లలో, ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే సీటు కింద పేలుడు కాట్రిడ్జిలు ఉంటాయి, వాటికి గడువు ఉంటుంది, గడువు తీరితే కొత్తవి ఇచ్చేవాళ్లు దొరకడం కష్టం. ఇంజన్ స్పేర్లదీ అదే కథ. మొదటి విమానంగా కొనదగ్గది బ్రిటన్ కంపెనీ డీహావిలాండ్ చేసిన, రెండంతస్తుల రెక్కల శిక్షణ విమానం టైగర్ మోత్ ఒక్కటే. 1931లో మొదటిసారి ఎగిరింది, 8,000కు పైగా తయారయ్యాయి, విడిభాగాలు నేటికీ దొరుకుతున్నాయి. హెచ్‌ఏఎల్ తయారుచేసిన శిక్షణ విమానం హెచ్‌టీ-2 రాకముందు మన వైమానిక దళం పైలట్లు దీని మీదే ఎగరడం నేర్చుకున్నారు.

1. కాగితాలు

విమానం కంటే ముందు లాగ్‌బుక్కులు చూడండి. ఎయిర్‌ఫ్రేమ్‌కు, ఇంజన్‌కు వేర్వేరు పుస్తకాలు ఉండాలి, డేటా ప్లేటు మీది నంబరు వాటితో సరిపోవాలి. అడ్వాన్సు ఇవ్వకముందే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ బెంగళూరు కార్యాలయంలో మాట్లాడి, ఆ నంబరు విమానానికి దిగుమతి అనుమతి, వీటీ (భారత విమానాల గుర్తు) రిజిస్ట్రేషన్ సాధ్యమో కాదో తేల్చుకోండి. ఓడ ఎక్కాక అడిగితే చెన్నై పోర్టులో డెమరేజ్ (ఆలస్య రుసుము) కట్టుకుంటూ కూర్చోవాలి. రెక్కలు పెట్టిన చెక్క పెట్టెలకు క్రిమిశుద్ధి ముద్ర ఉందో లేదో కూడా చూసుకోండి. అది లేకపోతే పెట్టె దగ్గరే పని ఆగుతుంది.

2. చెక్క పరీక్ష

మోత్ బాడీ లోపల ఉక్కు గొట్టాలు, రెక్కల్లో స్ప్రూస్ చెక్క దూలాలు. ఈ దూలాలనే స్పార్ అంటారు. పైన మెరిసే రంగు చూసి కొంటే పైన పటారం, లోన లొటారం. కొనేముందు ఇన్‌స్పెక్షన్ రంధ్రాల్లోంచి టార్చి వేసి దూలం మీద పొరలకు అడ్డంగా వెళ్లే సన్నటి గీత ఉందేమో వెతకండి. రెక్క కొస ఎప్పుడో నేలకు తగిలితే చెక్క నలిగి ఆ గీత వస్తుంది. కనబడితే ఆ దూలం అయిపోయినట్టే. పాతకాలపు కేసిన్ జిగురు తడికి బూజు పట్టి విడిపోతుంది. అతుకుల దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి, ముక్కిన వాసన వస్తే మొత్తం విప్పాల్సిందే. చెక్కలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి.

బాడీకి అడ్డంగా ఉండి రెండు వైపుల రెక్కలను కలిపి పట్టే టై రాడ్ల (ఉక్కు కడ్డీల) వయసు తప్పనిసరిగా అడగండి. 2013లో ఆస్ట్రేలియాలో ఒక మోత్ రెక్క గాలిలో ఊడింది. దర్యాప్తులో ఆ రాడ్లు మర చుట్ల దగ్గర అలసి తెగినట్టు తేలింది. చరిత్ర తెలియని రాడ్లు అయితే ఆలోచించకుండా మార్చండి.

3. ఇంజన్, ఉక్కు

ఇది తేలిక. జిప్సీ మేజర్ నాలుగు సిలిండర్ల ఇంజన్, 130 హార్స్‌పవర్. దాన్ని అనుమతి ఉన్న ఓవర్‌హాల్ షాపుకు పంపండి, ఇంట్లో విప్పకండి. గొట్టాలకు పాత రంగు తీసి, తుప్పు, పగుళ్లు చూసి, ప్రైమర్ కొట్టండి. బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యలో లేత్ పనివాళ్లు అద్భుతంగా చేస్తారు, కానీ వాళ్ల చేత స్టాండ్లు, జిగ్గులు మాత్రమే చేయించుకోండి. సర్టిఫికెట్ కాగితం లేని బోల్టు ఎంత చక్కగా ఉన్నా విమానంలోకి వెళ్లకూడదు.

4. గుడ్డ బిగించడం

అసలు పని ఇక్కడుంది. చాలా మంది చెడగొట్టేదీ ఇక్కడే. రెక్కలను కప్పే గుడ్డను అలంకారం అనుకుంటారు. కాదు. రెక్క పైభాగాన గాలి గుడ్డను పైకి పీలుస్తుంది, ఆ లాగుడు గుడ్డ నుంచి రిబ్బులకు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డుపట్టీలకు), రిబ్బుల నుంచి దూలానికి చేరినప్పుడే విమానం లేస్తుంది.

పాతకాలంలో లినెన్ వాడేవాళ్లు. కంజిర తోలు వాన గాలికి వదులైనట్టు లినెన్ కూడా తేమకు వదులై, ఎండకు బిగుస్తుంది. మన వాతావరణానికి సర్టిఫికెట్ ఉన్న పాలియెస్టర్ గుడ్డే మేలు. దాన్ని నీళ్లు, డోప్ (గుడ్డ మీద వేసే పూత) కాక ఇస్త్రీ వేడి బిగిస్తుంది. ఆ వేడి దగ్గరే ప్రమాదం.

గుడ్డ వేయకముందు రిబ్బుల మధ్య నాడా టేపును ఒకదాని పైనుంచి, ఇంకోదాని కింద నుంచి అల్లి కట్టండి. లేకపోతే గుడ్డ బిగిసేటప్పుడు రిబ్బులు పక్కకు వాలిపోతాయి. పాత గుడ్డ తీసేటప్పుడే కుట్టు కుట్టుకూ మధ్య దూరం కొలిచి రాసుకుని ఉండాలి.

గుడ్డను పరిచేటప్పుడు లాగి బిగించకండి, ముడతలు లేకుండా ఆనితే చాలు. ముందంచు దగ్గర 2 అంగుళాలు, మిగతా చోట్ల 1 అంగుళం ఒకదాని మీద ఒకటి వచ్చేలా జిగురు పెట్టి, పూర్తిగా ఆరనివ్వండి.

ఇప్పుడు ఇస్త్రీ పెట్టె. ఆవిరి పెట్టె వద్దు, హీట్ గన్ అసలే వద్దు. గన్ గాలి ఎంత వేడో చేతికి తెలియదు, ఒక చోట కాలి పక్క చోట వదులుగా ఉంటుంది. పెట్టె డయల్ మీద కాటన్, సిల్క్ అని రాసినవి నమ్మకండి. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో దొరికే, వేడిని కొలిచే థర్మోకపుల్ మీటరు కొని, అడుగు పళ్లేనికి మధ్యలో హీట్‌సింక్ పేస్టుతో అంటించి కొలవండి. థర్మోస్టాట్ పైకీ కిందికీ ఊగుతుంది, సగటు కాదు, శిఖరం చూడాలి. శిఖరం 121, 149, 177 డిగ్రీల సెల్సియస్ వచ్చే చోట్ల డయల్ మీద మూడు గీతలు గీయండి. వేరే పెట్టె తీసుకుంటే మళ్లీ కొలవాలి.

మొదట 121 దగ్గర రెక్క మొత్తం ఒకసారి తిరగండి. పైభాగంలో కాస్త, కిందిభాగంలో కాస్త, మార్చి మార్చి. ఒక వైపు పూర్తి చేసి రెండో వైపుకు వెళ్తే రెక్క మెలి తిరుగుతుంది, ఆ మెలికతోనే గుడ్డ అతుక్కుని ఉండిపోతుంది. అతుకుల మీద తక్కువ వేడితోనే వెళ్లండి, జిగురు మెత్తబడితే గుడ్డ జారుతుంది. తర్వాత 149, చివరికి 177. ప్రతి విడత తర్వాత వెనకంచు వెంట దారం బిగించి చూడండి. అంచు రిబ్బుల మధ్య లోపలికి వంగడం మొదలైతే అక్కడితో ఆపేయండి, ఆ రెక్కకు 177 అక్కర్లేదు. చివరి విడత విషయంలో గుడ్డ తయారీదారు మాన్యువల్ మాటే చివరి మాట.

వేలితో కొట్టి మృదంగంలా మోగేదాకా వేడి పెట్టడం చాలా హ్యాంగర్లలో చూస్తాం. ఇది పెద్ద తప్పు. గుడ్డ బిగుతు శబ్దంతో తేలదు, ఉష్ణోగ్రతతో తేలుతుంది. మోత్ వెనకంచు సన్నటిది, అదనపు బిగుతుకు వంగి, రిబ్బు కొసలను విరవవచ్చు. ఎక్కువ బిగిసింది కదా, ఇంకా వేడి పెట్టి వదులు చేద్దాం అనుకోకండి. 177 దాటాక గుడ్డ సడలుతుంది నిజమే, ఆ సడలిన చోట మళ్లీ బిగువు రాదు. చింపి కొత్తది వేయడమే మిగిలిన దారి.

తర్వాత పలుచని నైట్రేట్ డోప్ బ్రష్‌తో ఒక పూత వేసి, ఆరాక రిబ్బుల మీద టేపు పెట్టి, తేనెమైనం పట్టించిన దారంతో పొడవాటి సూదితో కుట్టండి. కుట్ల దూరం పాత కొలత కంటే ఎప్పుడూ ఎక్కువ కాకూడదు. ముడి టేపు అంచు పక్కన పడాలి, నడిమధ్యలో పడితే బుడిపెలా లేస్తుంది.

5. డోప్

డోప్‌లో నైట్రేట్, బ్యూటిరేట్ అని రెండు రకాలు, వాటి వరుస మార్చకండి. పాలియెస్టర్‌కు నైట్రేట్ పట్టుకుంటుంది, దాని మీద బ్యూటిరేట్ పట్టుకుంటుంది. బ్యూటిరేట్ మీద నైట్రేట్ నిలవదు. ఈ పని బెంగళూరులో జనవరి నుంచి మార్చి మధ్యలో పెట్టుకోండి. గాలిలో తేమ 65 శాతం దాటితే డబ్బా మూత తీయకండి. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, గాలిలోని తేమను లాక్కుని తెల్లబారుతుంది. ఆ తెలుపు మీద రంగు కొడితే పెచ్చులుగా ఊడుతుంది. చెన్నైలో ఇదే పని చేయాలంటే డీహ్యుమిడిఫయర్ ఉన్న గది తప్పదు, ఖర్చు పెరుగుతుంది.

నైట్రేట్ డోప్ నిప్పుకు గన్‌పౌడర్ లాంటిది. నిప్పురవ్వ పుట్టకుండా నూలు బట్టలు వేసుకోండి, నేల తడపండి, రెక్కకు ఎర్త్ తీగ కట్టండి, ప్లాస్టిక్ బకెట్లు దూరం పెట్టండి. బ్యూటిరేట్ తర్వాత అల్యూమినియం పొడి కలిపిన పూతలు వేసి, రెక్క లోపల బల్బు వెలిగించి బయట నుంచి చూడండి. వెలుతురు కనిపిస్తే అక్కడ ఎండ గుడ్డను తినేస్తుంది, ఇంకో పూత వేయండి. డ్రెయిన్ గ్రొమెట్లు (నీరు కారే రంధ్రాల వలయాలు) వెనకంచు దిగువ భాగంలో, ప్రతి గది అడుగునా ఉండాలి. వాన నీరు నిలిస్తే దూలం కుళ్లుతుంది.

6. కూర్పు, తూకం

రెక్కలను పట్టే తీగలు బిగించి, రెక్కల కోణాలు మాన్యువల్ అంకెలకు సరిచేసి, విమానాన్ని తూకం వేయించండి. కొత్త డోప్ బరువు ఎప్పుడూ లెక్క కంటే ఎక్కువే వస్తుంది.

ఇంజన్ తలకిందులుగా ఉంటుంది కనుక నిలబడ్డప్పుడు నూనె సిలిండర్లలోకి జారుతుంది. స్టార్ట్ చేయకముందు మాగ్నెటోలు (ప్లగ్గులకు స్పార్క్ ఇచ్చేవి) ఆపి, పెట్రోల్ మూసి, ప్రొపెల్లర్‌ను చేతితో మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. మాగ్నెటో ఆపినా ప్రొపెల్లర్ ఎప్పుడైనా కొట్టవచ్చనే నమ్మకంతో పక్కకు తప్పుకుని నిలబడండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే తోయకండి, ప్లగ్గులు తీసి నూనె కారనివ్వండి. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

బెంగళూరులోని జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ 130 హార్స్‌పవర్‌లో దాదాపు పదోవంతు పలుచని గాలి వల్లే పోతుంది, మధ్యాహ్నం ఎండలో ఇంకా పోతుంది. పరీక్ష ఎగురుడు అనుమతి ఉన్న పైలట్‌తో, ఉదయం చల్లదనంలో, ఒక్కరినే కూర్చోబెట్టి చేయించండి. దిగిన వెంటనే తీగల బిగువు మళ్లీ చూడండి, కొత్త చెక్క, కొత్త గుడ్డ సర్దుకునేటప్పుడు అవి వదులవుతాయి.