పికప్ కొనే ముందు మెడ చూడండి

ఎలక్ట్రిక్ గిటారు పలుకు పేలవంగా ఉందని వెంటనే కొత్త పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) కొనకండి. నల్లగొండ ఎండలకు చెక్క ఆరిపోయి మెడ వంపు మారుతుంది, తీగలు ఫ్రెట్లకు (మెడ మీది అడ్డ లోహపు కడ్డీలకు) తగిలి జరజరమంటాయి. ఆ లోపాన్ని ఎంత ఖరీదైన పికప్ అయినా తీర్చలేదు.

కొత్త తీగలు వేసి, శ్రుతి చేసి చూడండి. అన్నిటికన్నా లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, మెడ ఒంటికి కలిసే చోట మరో చేత్తో నొక్కి పట్టండి. ఏడో ఫ్రెట్ మీద, తీగ కింద విజిటింగ్ కార్డు మందమంత సందు ఉంటే మెడ బాగున్నట్టే. సందే లేకపోయినా, మరీ ఎక్కువున్నా సెటప్ (మెడ వంపు, తీగల ఎత్తు సరిచేయడం) చేయించాలి. మెడ లోపల ఉండి వంపును సరిచేసే లోహపు కడ్డీ, ట్రస్ రాడ్‌ను మాత్రం తెలిసినవారి చేతే తిప్పించండి. బలవంతం చేస్తే విరుగుతుంది.

తర్వాత పికప్ ఎత్తు. సింగిల్ కాయిల్ (ఒకే రాగి చుట్ట ఉన్న) పికప్ తీగలకు మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి స్వరాన్ని వణికిస్తుంది. కొత్తవి కొనడానికి హైదరాబాద్ బస్సెక్కబోయిన రోజు, నేను ఎత్తు మార్చే స్క్రూలను ఒక్క చుట్టు తిప్పి పికప్‌ను దించాను. వణుకు పోయింది, ప్రయాణమూ ఆగింది.

అయినా మార్చాలనిపిస్తే పాట్‌ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది నిరోధకాల) విలువ అడగండి: సాధారణంగా సింగిల్ కాయిల్‌కు 250, రెండు చుట్టలుండే హంబకర్‌కు 500 కిలో ఓమ్‌లు.