మెడ బిళ్ళ కోయించుకుంటున్నారా? ముందు చెయ్యెత్తి చూసుకోండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ ఒకతను పోయిన వారం నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చాడు. కుడి జబ్బ కిందికి జారిపోయింది. చెయ్యి పక్కకు లేపితే భుజం ఎత్తు దాకా వచ్చి ఆగిపోతోంది. సీజన్ మొదలైతే తీరిక దొరకదని ఏడు నెలల కింద మెడ పక్కన వాచిన బిళ్ళ (లింఫు గ్రంథి) తీయించుకున్నాడట. "కుట్ల నొప్పే, తగ్గుతదన్నరు సార్" అన్నాడు. కుట్లు మానిపోయి ఎన్ని నెలలైంది! కోతలో నరం దెబ్బతింది.

ఆర్‌ఎంపీతో కోయించుకోవద్దని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ నరం సంగతి చెప్తాను. మెదడు నుంచి వచ్చే కపాల నరాలు 12 జతలు, ఇది 11వది, స్పైనల్ యాక్సెసరీ నరం. దీని దారే వింత. మెడలోని వెన్నుపాములో పుట్టి, పుర్రెలోకి ఎక్కి, మళ్ళీ మెడలోకి దిగుతుంది. తల తిప్పే కండరానికి ఒక కొమ్మ ఇచ్చి, దాని వెనక అంచు నుంచి బయటపడి, ఏటవాలుగా ట్రపీజియస్‌కు, అంటే మెడ వెనక నుంచి భుజం దాకా పరుచుకున్న కండరానికి, పోతుంది. హమాలీకి బస్తా ఆనేది ఆ కండరం మీదే. నడుమ ఉన్న ఆ కాస్త దూరంలో నరం చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. టీబీకి వాచే బిళ్ళలు దాన్ని ఆనుకునే ఉంటాయి. చెయ్యి తిరిగిన సర్జన్‌కు కూడా ఒక్కోసారి తప్పదు.

నా దగ్గరికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే పొరపాటు: కోత తర్వాత చెయ్యెత్తి చూసుకోలేదు. మెడ తిరుగుతుంది, వేళ్ళు ఆడతాయి, అన్నం కలుపుకుంటారు. ఇక అనుమానం ఎందుకొస్తుంది? తెగిన నరాన్ని మూడు నెలల్లోపు అతికిస్తే మంచి ఫలితం ఉంటుంది. ఆరు నెలలు దాటితే ఆశ తగ్గుతుంది. ఏడాది దాటాక కండరమే కరిగిపోయి ఉంటుంది.

కోతకు ముందు సూది పరీక్ష చేయించండి. టీబీ అని తేలితే మందులు సర్కారు దవాఖానలో ఉచితం, చాలా బిళ్ళలు వాటితోనే కరుగుతాయి.

కోత తప్పకపోతే, ముందురోజు చొక్కా విప్పి రెండు చేతులూ పక్కల నుంచి చెవుల దాకా లేపండి. వెనక నుంచి ఫోన్‌లో వీడియో తీయించండి.

"భుజం నరం దగ్గరగా ఉందా?" అని సర్జన్‌ను అడగండి. మొహమాటం వద్దు.

ఆపరేషన్ రోజు మత్తు ప్రభావం ఉండొచ్చు. మర్నాడు చెయ్యెత్తండి. కుట్లు విప్పేనాడు మళ్ళీ ఎత్తండి. పాత వీడియోతో పోల్చండి.

ఎత్తలేకపోతే అదే వారం సర్జన్‌కు చూపించండి. 'కుట్ల నొప్పి' అంటే ఊరుకోకండి. మూడు నాలుగు వారాలకు నరాల పరీక్ష, ఈఎంజీ, అడగండి.

ఆపరేషన్ కాగితాలు పారేయకండి.

చెయ్యి లేవకపోతే పసరు కట్లు వద్దు. గుంజి మర్దన వద్దు.

కూర్చున్నప్పుడు మోచేతి కింద దిండు.

బస్తా ఏ భుజం మీదా వద్దు. మిర్చి సీజనైనా సరే.