పైరసీ సినిమాలు చూసే పిల్లాడితో కాపీరైట్ సంగతి ఎలా ఎత్తాలి?

మా మేనల్లుడిది కావలి. తొమ్మిదో తరగతి. కొత్త సినిమా విడుదలైన సాయంత్రానికే టెలిగ్రామ్‌లో దించేసి, థియేటర్ జనం ఈలలతో సహా చూసేస్తాడు. తప్పురా అంటే, "ఊళ్ళో అందరూ చూస్తా ఉండారు గదా మామా!" అన్నాడు. అబద్ధమేమీ కాదు. అందుకే "దొంగతనం" అనే మాటతో మొదలుపెడితే పని జరగదు. నేను చేసింది ఇదీ.

1. ముందు మీ ఫోన్ ఖాళీ చేయండి

వాడి ఫోన్లో కంటే నా దాంట్లోనే ఎక్కువ తేలాయి: వారపత్రికల పీడీఎఫ్‌లు, ఎవరో స్కాన్ చేసిన ఒక నవల. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే అన్నీ తీసేశాను. నవల దగ్గర కాస్త చెయ్యాడలేదు.

2. వాడు సొంతంగా చేసినదాన్ని పట్టుకోండి

ఇక్కడ తొందరపడొద్దు. రొట్టెల పండగకి నెల్లూరు వచ్చినప్పుడు మా వాడు స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళలో అరగంట కాచుకుని ఒక ఫోటో తీశాడు. రెండు జతల చేతులు, మధ్యలో చదువు రొట్టె (చదువు బాగా రావాలని కోరుకుని పుచ్చుకునేది), వేళ్ళ సందుల్లోంచి కారుతున్న నీళ్ళు. అంతే ఫోటో. వారం తిరక్కుండా అదే ఫోటో ఇంకెవరిదో ఇన్‌స్టా పేజీలో కనబడింది. మూలనున్న వాడి పేరు కోసేసి, వాళ్ళ లోగో వేసుకున్నారు.

వాడు ఉడికిపోయాడు. "పోనీలేరా, నీ ఫోటో నీ దగ్గరే ఉంది గదా, పోయిందేముంది?" అన్నాను, కావాలనే.

"అట్లెట్లా మామా? తీసింది నేను!"

అప్పుడు చెప్పాను. క్లిక్‌మన్న క్షణంలోనే కాపీరైట్ నీదైపోయింది, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. అది నా పని అని చెప్పుకునే హక్కు 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్‌లోనే ఉంది అని. సినిమా ఊసు ఆ రోజు ఎత్తలేదు. మీరూ ఎత్తకండి. మర్నాడు వాడే ఎత్తాడు.

3. తేలని తగువు ఒకటి ముందు పెట్టండి

2017లో మన నెల్లూరు బాలు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా లాయర్ నోటీసు పంపించారు. బాలు ఆ పాటలు పక్కనపెట్టి మిగతావి పాడుకున్నారు. గొంతు ఒకరిది, బాణీ ఒకరిది, మాటలు ఇంకొకరివి, డబ్బు నిర్మాతది. మరి పాట ఎవరిది? మా ఇంట్లో రాత్రి అన్నాల దగ్గర మొదలైన వాదన పదకొండైనా తెగలేదు. మీరు తీర్పు చెప్పకండి.

4. శిక్షల సంగతి రెండు ముక్కల్లో

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. థియేటర్లో సినిమా రికార్డు చేస్తే 3 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, కనీసం 3 లక్షల జరిమానా. దీంతో భయపెట్టాలని చూస్తే "ఎవురు పట్టుకుంటారులే" అంటారు. తెలిస్తే చాలు.

5. న్యాయంగా దొరికేవి చూపించండి

రచయిత చనిపోయిన ఏడాది దాటాక ఇంకో 60 ఏళ్ళు హక్కు నడుస్తుంది. నెల్లూరు తిక్కన, అద్దంకి కొలువులో రాసిన ఎర్రన పద్యాలు ఎవరైనా వాడుకోవచ్చు, తెలుగు వికీసోర్స్‌లో చదువుకోవచ్చు. ఈమధ్య ఎవరో రాసిన టీకా తాత్పర్యాలు మాత్రం అలా కావు. సూళ్ళూరుపేట వైపు పుట్టిన ఆత్రేయ 1989లో పోయారు. ఆయన రాసిన మాటలకు హక్కు ఎప్పటిదాకా? లెక్క పిల్లల చేతే కట్టించండి. 2049 చివరికి తేలాలి.

6. టికెట్ ధర గురించి అడిగితే ఒప్పుకోండి

నలుగురు సినిమాకెళ్తే టికెట్లు, పాప్‌కార్న్ కలిపి ఎంతవుతుందో మనకి తెలియనిదా? ఓటీటీలోకి వచ్చేదాకా ఆగు అనడం ఒక్కటే నాకు తోచిన దారి.

మా వాడు మొన్న మూడు సినిమాల్లో రెండింటికి ఆగాడు. మూడోది వాళ్ళ నాన్న ఫోన్లో చూశాట్ట. మా బావకి ఒకటో మెట్టు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.