రెండు దేశాల నేర చట్టాలను పోల్చి చదవడం ఎలా?

తులనాత్మక నేర చట్టాన్ని కొత్తగా మొదలుపెట్టినవారు సాధారణంగా రెండు దేశాల శిక్షాస్మృతులను పక్కపక్కన పెట్టుకొని, హత్యకు ఎదురుగా హత్యను, దొంగతనానికి ఎదురుగా దొంగతనాన్ని రాసుకుంటూ పోతారు. పట్టిక త్వరగానే నిండుతుంది కానీ, ఒకే పేరున్న నేరం రెండు చోట్లా ఒకటే కాదన్న సంగతి అందులో మరుగున పడిపోతుంది.

కాబట్టి మొదట, చట్టపరమైన మాటలేవీ లేకుండా ఒక సంఘటనను రాసుకోండి. ఉదాహరణకు, 2016 ఫిబ్రవరిలో బెర్లిన్ నడిబొడ్డున అర్ధరాత్రి వేళ ఇద్దరు యువకులు కార్లతో పందెం వేసుకొని, ఎర్రదీపాలను లెక్కచేయకుండా దూసుకెళ్లారు. వారిలో ఒకరి కారు ఒక కూడలిలో మరో వాహనాన్ని ఢీకొనడంతో ఆ వాహనం నడుపుతున్న వ్యక్తి మరణించాడు. ఇక అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వీరిని చట్టం ఏ నేరానికి, ఎందుకు శిక్షిస్తుంది?

తర్వాత రెండు వ్యవస్థలను ఎంచుకోండి. మొదట్లోనే ఐదారింటిని తీసుకుంటే ఏదీ లోతుగా చదవలేరు. జర్మనీని, ఇంగ్లండును తీసుకుందాం. జర్మనీలో 1871 నాటి శిక్షాస్మృతి అనేక సవరణలతో నేటికీ అమలులో ఉంది కనుక అక్కడ సెక్షన్‌తో మొదలుపెట్టవచ్చు. ఇంగ్లండులో సమగ్రమైన శిక్షాస్మృతి లేదు. హత్యకు నిర్వచనం కూడా పూర్వ తీర్పుల నుంచే వచ్చింది కనుక అక్కడ తీర్పులు చదవక తప్పదు.

మూడో దశలో నేరాన్ని విడదీయాలి: చేసిన పని, దాని ఫలితం, ఆ సమయంలో నిందితుడి మానసిక స్థితి, అతనికి ఉన్న మినహాయింపులు. ఎక్కువ సమయం మానసిక స్థితికే కేటాయించండి. ప్రాణం పోవచ్చని గ్రహించి, పోతే పోనీ అని ఒప్పుకొని ముందుకు సాగినవాడిని జర్మన్ చట్టం ఉద్దేశం ఉన్నవాడిగానే పరిగణిస్తుంది. ఏమీ కాదులే అని నిజంగా నమ్మినవాడిది నిర్లక్ష్యం మాత్రమే. ఇంగ్లండులో హత్య రుజువు కావాలంటే చంపాలనో, తీవ్రంగా గాయపరచాలనో ఉద్దేశం ఉండాలి. ప్రమాదాన్ని ఊహించడం ఒక్కటే చాలదు. అందుకే ఇలాంటి సంఘటన అక్కడ సాధారణంగా ప్రమాదకరమైన డ్రైవింగ్‌తో మరణానికి కారణమైన నేరం కిందికి వస్తుంది. బెర్లిన్ కోర్టు మాత్రం 2017లో ఇద్దరినీ హత్యా నేరం కింద శిక్షించింది. ఢీకొనడాన్ని ఇక తప్పించలేని క్షణంలో పుట్టిన ఉద్దేశం చాలదంటూ జర్మనీలో పై అప్పీలు కోర్టు అయిన సమాఖ్య న్యాయస్థానం 2018లో ఆ తీర్పును కొట్టివేసింది. పునర్విచారణ తర్వాత 2020లో, ఢీకొట్టిన డ్రైవరుకు పడిన హత్యా శిక్షను అదే న్యాయస్థానం ఖరారు చేసింది. రెండో డ్రైవరు చివరికి హత్యాయత్నానికి శిక్ష పొందాడు. ఈ తీర్పుల క్రమాన్ని ఒక్కసారి ఓపికగా చదివితే, నిర్వచనాలు ఎన్నిసార్లు వల్లించినా తెలియని విషయం అర్థమవుతుంది. అయితే ‘పోతే పోనీ’ అనుకోవడాన్ని కూడా ఉద్దేశంగా చూసే ఆ జర్మన్ భావనకు వెంటనే ఇంగ్లిషు పదమో తెలుగు పదమో అతికించవద్దు. నేనైతే మూల పదాన్నే ఉంచి, పక్కన రెండు వాక్యాల వివరణ రాసుకుంటాను.

సెక్షన్ దగ్గరే ఆగకుండా విచారణ ప్రక్రియను కూడా చూడండి. బెర్లిన్ తరహా కేసును జర్మనీలో ముగ్గురు వృత్తి న్యాయమూర్తులు, ఇద్దరు సామాన్య పౌరులు కలిసి విని, కారణాలతో తీర్పు రాస్తారు. ఇంగ్లండులో పన్నెండు మంది జ్యూరీ సభ్యులు కారణం చెప్పకుండానే దోషి అవునో కాదో తేలుస్తారు. అందువల్ల డ్రైవరు మనసులో ఏముందన్న చర్చ జర్మనీలో విచారణ కోర్టు తీర్పులోనే దొరుకుతుంది. ఇంగ్లండులో దానిని జ్యూరీకి న్యాయమూర్తి ఇచ్చిన సూచనల్లోనూ అప్పీలు తీర్పుల్లోనూ వెతకాలి.

చదువుతున్న చట్టం ఏ తేదీ నాటిదో ప్రతిసారీ సరిచూసుకోండి. చట్టవిరుద్ధమైన కారు పందేలను జర్మనీ 2017లో ప్రత్యేక నేరంగా చేర్చింది. ప్రమాదకరమైన డ్రైవింగ్‌తో మరణానికి ఇంగ్లండులో ఉన్న 14 ఏళ్ల గరిష్ఠ శిక్ష 2022లో యావజ్జీవానికి పెరిగింది.

చివరగా, మీరు రాసుకున్న సంఘటనలో ఒక్క వాస్తవాన్ని మార్చి మళ్లీ రెండు వ్యవస్థల్లో పరిశీలించండి. ఉదాహరణకు, వెనుక వస్తున్న పోలీసులను తప్పించుకోవడానికే డ్రైవరు వేగం పెంచాడనుకోండి. ఒక దేశంలో ఫలితం మారి, రెండో దేశంలో మారకపోతే, మీ వ్యాసం రాయవలసింది ఆ తేడా గురించే.