పెంపుడు కుక్క పళ్ళ సంరక్షణ – మూడో పాఠం: బ్రష్ ఎక్కడ ఆనాలి?

గత రెండు పాఠాల్లో కుక్క పెదవి పైకెత్తి పళ్ళు చూడడం, చిగుళ్ళ రంగు గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఇప్పుడు మీరు పెదవి ఎత్తితే అది తల తిప్పుకోకుండా నిలబడుతోందా? అయితే ఈ పాఠం మొదలుపెట్టండి. ఇంకా బెదురుతుంటే మరో వారం రెండో పాఠమే సాధన చెయ్యండి. ఈ పనిలో తొందరపడితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. బ్రష్ చూడగానే మంచం కిందికి దూరడం అలవాటైన కుక్కను దారికి తేవడం చాలా కష్టం.

బ్రష్ చేసేటప్పుడు మన గురి పన్నూ చిగురూ కలిసే గీత మీద ఉండాలి. పాచి అక్కడే పేరుకుని చిగురు కిందికి దిగుతుంది. మెత్తగా ఉన్నంతసేపు గుడ్డతో తుడిచినా పోతుంది. కానీ లాలాజలంలోని ఖనిజాలు పట్టి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడడం మొదలుపెడుతుంది. దాన్నే గార అంటాం. గార కట్టాక ఏ బ్రష్షూ దాన్ని ఊడదీయలేదు. అందుకే ఆదివారం తీరిగ్గా పది నిమిషాలు తోమడం కంటే రోజూ ఒక్క నిమిషం తోమడం ఎంతో మేలు. రోజూ వీలుకాకపోతే కనీసం రోజు విడిచి రోజైనా చెయ్యాలి.

ఎదిగిన కుక్కకు 42 పళ్ళుంటాయి. అన్నిటికీ ఒకే శ్రద్ధ అక్కర్లేదు. పై దవడలో కోరపన్ను నుంచి వెనక్కి వెళ్ళండి. దవడ పళ్ళలో అన్నిటికన్నా పెద్దది కనిపిస్తుంది. మాంసం కోసేది, ఎముక కొరికేది ఆ పన్నే. దానికి ఎదురుగా బుగ్గ లోపల లాలాజల గ్రంథి నాళం తెరుచుకుంటుంది కాబట్టి గార ముందుగా, ఎక్కువగా పట్టేది కూడా దానికే. రెండు వైపులా ఈ పన్ను ఎక్కడుందో వేలితో తడిమి గుర్తుపెట్టుకోండి. కుక్క ఓపిక చాలా తక్కువగా ఉన్న రోజున ఈ రెండు పళ్ళు తోమి వదిలేసినా ఆ రోజు పని చాలావరకు అయినట్టే.

ఈ పన్ను గురించి ఇంకో మాట. దాని వేర్లు కంటి కిందిదాకా వెళ్తాయి. వేరు దగ్గర చీము పడితే కంటి కింద వాపు వస్తుంది. ఏదో పురుగు కుట్టిందనో, కంటి జబ్బనో అనుకుని చుక్కల మందు వేస్తూ రోజులు గడిపేవాళ్ళున్నారు. కంటి కింద వాపు కనిపిస్తే పన్ను కూడా చూడమని డాక్టర్ని అడగండి.

ఇక సామాన్లు. చిన్నపిల్లల మెత్తటి బ్రష్ చాలు. పొమరేనియన్, షిట్జు లాంటి చిన్న నోటి కుక్కలకు వేలికి తొడుక్కునే బ్రష్ కూడా పనికొస్తుంది. వాటి చిన్న దవడలో పళ్ళు ఇరుగ్గా ఉంటాయి కాబట్టి చిగుళ్ళ జబ్బు త్వరగా వస్తుంది. అలాంటి కుక్క ఉన్నవాళ్ళు ఈ పాఠాన్ని మరింత పట్టుదలగా పాటించాలి. పేస్టు మాత్రం కుక్కల కోసం తయారుచేసిందే వాడండి. మన పేస్టు ఎంత మంచిదైనా వద్దు. కుక్కకు పుక్కిలించి ఉమ్మడం రాదు, మొత్తం మింగేస్తుంది. మన పేస్టుల్లో ఉండే ఫ్లోరైడ్, నురుగు పుట్టించే రసాయనాలు దాని కడుపుకు మంచివి కావు. కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. అది కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్ని కూడా దెబ్బతీయగలదు. ఉప్పు, వంటసోడా కూడా వద్దు. కుక్కల పేస్టు దొరక్కపోతే తడి బ్రష్షుతో తోమండి. పాచిని వదిలించేది ముఖ్యంగా రుద్దడమే.

మొదటి రెండు మూడు రోజులు బ్రష్ జోలికే పోవద్దు. వేలి చివర కాస్త పేస్టు పెట్టి నాకనివ్వండి. మాంసం రుచి ఉన్న పేస్టైతే అదే ఎదురుచూస్తుంది. తర్వాత వేలికి పలచటి నూలు గుడ్డ చుట్టుకుని, పేస్టు రాసి, కోరపన్ను మీద ఒకటి రెండు సార్లు రుద్ది వెంటనే మెచ్చుకోండి. అది కుదిరాక బ్రష్ తీసుకోండి.

కుక్కకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. నోరు తెరవాల్సిన పనే లేదు. ఒక చేత్తో గడ్డం కింద ఊతమిచ్చి, బొటనవేలితో పై పెదవి ఎత్తండి. బ్రష్ కుచ్చు చిగురు వైపు వాలేలా, సుమారు 45 డిగ్రీల కోణంలో ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి. ఒత్తిడి వద్దు. వెనకున్న పెద్ద పన్నుతో మొదలుపెట్టి కోరపన్ను దాకా రండి, తర్వాత రెండో వైపు. ముందు పళ్ళు చివర్లో. చాలా కుక్కలకు ముక్కు కింద బ్రష్ తగలడం అసలు నచ్చదు. లోపలి వైపు నాలుక రాపిడి కొంత శుభ్రం చేస్తుంది కాబట్టి బయటి వైపు చేస్తే చాలు. గుర్రుమంటే, ఒళ్ళు బిగిస్తే అక్కడే ఆపండి. బలవంతంగా పట్టుకుని తోమితే కరిచే ప్రమాదం ఉంది. పైగా అప్పటిదాకా సంపాదించుకున్న నమ్మకం పోతుంది.

మొదటి రోజుల్లో బ్రష్షుకు లేత ఎరుపు అంటితే కంగారుపడి మానేయకండి. చిగురు వాచి ఉంటే కాస్త రక్తం వస్తుంది. రోజూ తోముతుంటే వారం, రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోయినా, పన్ను కదులుతున్నా, చీము కనిపించినా, తినేటప్పుడు ఒక పక్కతోనే నములుతున్నా బ్రష్ పక్కనపెట్టి డాక్టరుకు చూపించండి. నొప్పి ఉన్న నోట్లో బ్రష్ పెట్టడం దాన్ని హింసించడమే.

కుక్కపిల్లలకు పాల పళ్ళు 28. దాదాపు మూడో నెల నుంచి ఏడో నెల వరకు అవి ఊడి కొత్తవి వస్తాయి. అప్పుడు చిగుళ్ళు సలుపుతుంటాయి కాబట్టి గట్టిగా తోమకుండా గుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు. పాత కోరపన్ను ఊడకుండానే పక్కన కొత్తది వచ్చేస్తే ఆలస్యం చేయకుండా తీయించాలి.

ఎముకల సంగతి చాలామంది అడుగుతారు. వండిన ఎముక చీలికలుగా విరిగి గొంతులో, పేగులో గుచ్చుకోవచ్చు. ఇక జింక కొమ్ము, ఎండిన గిట్ట లాంటి మరీ గట్టివైతే ఇందాక చెప్పుకున్న పెద్ద పన్నునే పగలగొడతాయి. మీ గోటితో నొక్కితే కాస్తయినా సొట్ట పడని వస్తువును నమలడానికి ఇవ్వకండి.

ఈ వారం ఇంటిపని: రోజూ రాత్రి భోజనం అయ్యాక ఒకే చోట, ఒకే సమయానికి బ్రష్ చెయ్యండి. క్యాలెండర్లో ఆ తేదీ పక్కన ఏ వైపు తోమారో, రక్తం వచ్చిందో లేదో, వాసన ఎలా ఉందో రెండు మాటలు రాసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ రాతలు చాలా ఉపయోగపడతాయి. ఇప్పటికే గోధుమరంగు గార మందంగా కట్టిన కుక్కలకు ముందు క్లీనింగ్ చేయించాలి. దానికి మత్తు ఎందుకు ఇవ్వాలి, ముందు ఏ రక్త పరీక్షలు అడగాలి, మత్తు లేకుండా గీకేస్తే చిగురు కింద ఏం మిగిలిపోతుంది అనేవి నాలుగో పాఠంలో చూద్దాం.